ఆరున్నొక్కటి

కుంచంలోంచి వడ్లు జారుతున్న చప్పుడు...

లాభం — రెండు — మూడు —

జనగామ బజారులో మా వడ్ల దుకాణం. కొలిచేది మా మామ రామలింగం. ఆయన ఒకటి అనడు, లాభం అంటాడు. ఏడు అనడు. ఆ మాటలో ఏడుపు ఉందట. ఆరున్నొక్కటి అంటాడు.

నా బిడ్డ కళ ఏడవకుండా పుట్టింది.

రెండేళ్ళు నిండాయి. ఇంకా మాట లేదు.

దవాఖానలో డాక్టరు అడిగాడు, పుట్టగానే ఏడ్చిందా అని.

"ఏడ్వలే సారూ. సప్పుడు లేకుంట వుట్టింది, బంగారుతల్లి." మా అత్త ఈశ్వరమ్మ మురిసిపోతూ చెప్పింది.

డాక్టరు కలం ఆగింది.

"ఊపిరి అందక మెదడులో కొన్ని నరాల కణాలు పోయి ఉంటాయమ్మా."

"ఎవరు లెక్కవెట్టిన్రు సారూ?" నేను అడిగాను.

నవ్వాడు. బతికున్న మెదడులో లెక్కపెట్టలేరట. చనిపోయినవాళ్ళ మెదడును పలచటి పొరలుగా కోస్తారట. రంగు పట్టిస్తారట. భూతద్దం కింద గడులు గీసి, కొన్ని గడుల్లోవి లెక్కపెట్టి, మొత్తానికి హెచ్చవేస్తారట. ఒకరి లెక్కకు వెయ్యి కోట్ల కణాలు వచ్చాయట. ఇంకొకరి లెక్కకు పది రెట్లు.

కొన్ని గడులు...

ఆ పద్ధతి నాకు తెలుసు. మామ బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చుతాడు. పిడికెడు గింజలు చూసి బస్తా ధర చెబుతాడు. కొనేటప్పుడు ఒక చోట గుచ్చుతాడు. అమ్మేటప్పుడు మరో చోట.

వాళ్ళు ఎక్కడ గుచ్చారో?

అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవకు బళ్ళు మూశారు. తెరిచాక నన్ను పంపలేదు. హెచ్చవేతలు వచ్చు నాకు. భిన్నాల దాకా పోలేదు.

దారిలో అత్త అంది: "గా సారుకేమెర్క? నీ బిడ్డ మెదట్ల జొర్రి సూసిండా?"



డాక్టరును నమ్మలేను. అత్తనూ నమ్మలేను.

కాన్పు నాడు మంత్రసాని ఓదెమ్మ బిడ్డను తలకిందులుగా పట్టి చెయ్యెత్తింది. నొప్పుల మగతలో విన్నాను — అత్త గొంతే.

"కొట్టకు ఓదెమ్మా. శుక్రారం పూట లచ్చిమి వుట్టింది. ఏడ్పియ్యకు."

ఊపిరి లేకుండా ఎంతసేపు... ఎవరూ లెక్కపెట్టలేదు.

దుకాణంలో మామ మళ్ళీ కొలుస్తున్నాడు. వడ్ల రాశి పక్కన నేను. నా ఒళ్ళో కళ.

ఐదు — ఆరు —

ఆయన నోరు తెరిచేలోపు, బిడ్డ చెవికి నోరు ఆనించాను. మా ఇంట్లో ఎవరూ అనని మాట.

"ఏడు."

కళ నా పెదవులనే చూస్తోంది.

"ఏడు బిడ్డా... ఏడు."

కింది పెదవి కదిలింది... కదిలిందా?

ఆరున్నొక్కటి —

వడ్లు జారుతున్న చప్పుడు...