గంట తాడు

మామగారి గొంతులో అమర్చిన గొట్టం తీసి, కడిగి, మళ్ళీ పెట్టాలి. ఎనిమిదింటికి పాలు, పదింటికి మందు. ఉతికిన దుప్పట్లు ఆరేయాలి. డాక్టర్లు రోగుల గురించి చెప్పిన రికార్డింగులు పదకొండు విని, టైపు చేసి, సాయంత్రం ఐదులోపు పంపాలి. తన కంప్యూటర్నీ, మామగారి గదిలో మంచం పక్కనున్న పాత కంప్యూటర్నీ తీగ లేకుండా కలపాలి.

కోడలు పొద్దున్నే చిట్టీ రాసి గోడకి అంటించింది. చివర్న రాసినదే అన్నిటికన్నా ముఖ్యం.

గురువారం నుంచీ ఆమె ప్రాణం గుప్పిట్లోనే ఉంది. ఆపరేషన్‌తో మామగారికి మాట పోయింది. మంచం దగ్గర్నుంచి ఆమె బల్ల దాకా కొక్కేల మీదుగా తాడు లాగి, కొసన గంట కట్టింది ఆయనే. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కిన చెయ్యి. తాడు ఎక్కడా గోడని రాసుకోదు. కానీ ఆమె పని హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేసేది. గురువారం గొట్టానికి కఫం అడ్డుపడి ఆయన గంట లాగుతూనే ఉన్నారు, ఆమె టైపు చేస్తూనే ఉంది. మంచినీళ్ళకని లేచింది కాబట్టి సరిపోయింది. అప్పటికే ఆయన పెదాలు నీలంగా మారాయి. మర్నాడు తాడుని మణికట్టుకి కట్టుకుని చూసింది. ఆయన ఒత్తిగిలినప్పుడల్లా చెయ్యి ఎగిరిపడి, రోగులకి లేని జబ్బులన్నీ టైపయ్యాయి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. "ఈ వైర్‌లెస్ కార్డులు రెండూ రెండు కంప్యూటర్లకీ తగిలించు. నాన్న అక్కడ కొడితే నీ తెరమీద కనిపిస్తుంది," అన్నాడు ఆమె భర్త, బూట్లు తొడుక్కుంటూ. తండ్రి గదిలోకి తొంగి చూశాడు. "నాన్నా, ఇక స్తంభాల్తో పన్లేదు. అంతా గాల్లోనే!"

ఆయన పలక మీద రాసి చూపించారు: "మరి కాకులెక్కడ వాలతాయిరా?"

కొడుకు నవ్వుకుంటూ డ్యూటీకి పోయాడు.

కోడలు సూచనల కాగితం ముందు పెట్టుకుని తన కంప్యూటర్లో నెట్‌వర్కుకి పేరు పెట్టింది, కాగితంలోని అంకెలు కొట్టింది. మామగారి గదిలోకి వెళ్ళి మళ్ళీ అవే, చుక్క కూడా పొల్లుపోకుండా. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు దించడమే ఆమె తొమ్మిదేళ్ళ ఉద్యోగం. రెండు తెరల మీదా ఒకటే మాట: కనెక్షన్ లేదు. చెరిపి మళ్ళీ కొట్టింది. ఆ గదికీ ఈ గదికీ తిరిగి కాళ్ళు లాగేశాయి. పదకొండైంది. ఒక్క రికార్డింగూ ముట్టలేదు. ఆయన దగ్గినప్పుడల్లా ఆమె వేళ్ళు ఆగిపోతున్నాయి.

"నావల్ల కాదు మామయ్యగారూ," అంటూ మంచం మీద చతికిలబడింది. "అంకె అంకె చూసే కొట్టాను. రెండింట్లోనూ ఒక్కలాగే ఉంది, కావాలంటే మీరే చూడండి."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తెరనీ కాగితాన్నీ చూశారు. భుజాలు కదిలాయి. శబ్దం లేని నవ్వు. పలక అందుకున్నారు.

"రెండిళ్ళకీ ఒకే నంబరిచ్చావు అమ్మాయ్. గంట ఎవరింట్లో మోగాలి?"

ఆమె నాలిక కరుచుకుంది. ఆయన కంప్యూటర్లో ఆ నంబరు చివరి ఒకటిని రెండుగా మార్చింది. ఆయన ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ ఏదో కొట్టారు. ముందు గదిలో టింగుమంది. పరుగెత్తి చూసింది.

"లైను ఓకే."

రిపేరు చేసిన ప్రతిసారీ స్తంభం మీంచి ఎక్స్ఛేంజికి ఫోన్లో ఆయన చెప్పిన మాటలు అవే. ఊళ్ళోవాళ్ళు గంటలకొద్దీ కబుర్లాడుకునేవారు. ఆయన ఆ రెండు మాటలూ చెప్పి దిగొచ్చేవారు. ఇంట్లో ఫోనున్నా, లైను పాడైందని తప్ప ఆయనకి ఎవరూ చేసింది లేదు.

"పావుగంటకోసారి ఇదే పంపండి," అంది కోడలు. "అది కనబడుతుంటే నేను పని చేసుకోగలను."

ఆయన బుద్ధిగా తలూపారు.

పన్నెండుంబావుకి లైను ఓకే. పన్నెండున్నరకి లైను ఓకే. ఒకసారి "దిండు" అని వస్తే వెళ్ళి సర్దింది. ఒకసారి "కాకి వాలింది" అని వచ్చింది. రెండున్నరకి: "అన్నం తిన్నావా?"

"తిన్నాను," అని కొట్టింది.

"పళ్ళెం చప్పుడు వినలేదే."

మూడున్నరకి లైను ఓకే. మూడుముప్పావుకి రాలేదు.

పదో రికార్డింగు సగంలో ఉంది. లైను పోయిందనుకుంది. అలా అనుకోవడంలో కాస్త ఊరట ఉంది. దాన్నే గట్టిగా పట్టుకుంది. హెడ్‌ఫోన్లు తీసి కార్డు ఊడదీసింది, మళ్ళీ బిగించింది. అంకెలు చూసింది. చివర ఒకటే ఉంది, సరిగ్గానే ఉంది. "మామయ్యగారూ?" అని పంపింది.

అవతలి గదిలో టింగుమని స్పష్టంగా వినిపించింది.

తప్పు లైనులో లేదు.

ఆయన దిండుకి ఆనుకుని కూర్చునే ఉన్నారు, కళ్ళద్దాలు ముక్కు కొసకి జారి. గొట్టం శుభ్రంగా ఉంది. పెదాలు నీలంగా లేవు. కునుకులోనే వెళ్ళిపోయారు. తెర మీద ఆమె పిలుపు అలాగే ఉంది. ముందు గదిలో, బల్లమీది హెడ్‌ఫోన్లలో డాక్టరు సన్నగా చెప్పుకుపోతూనే ఉన్నాడు.

అప్పుడు చూసింది, కొక్కేలన్నీ ఖాళీ. మధ్యాహ్నం ఎప్పుడో, ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరలో మునిగి ఉండగా, ఆయన తాడంతా తన వైపు లాగేసుకున్నారు. పని లేని లైనుని వదిలేసి పోవడం ఆయనకి అలవాటు లేదు.

ఆ రోజుల్లో మీరూ ఫోనెత్తి ఉంటారు. అవతలి మాట స్పష్టంగా వినిపించే ఉంటుంది. అంతకుముందు ఒక మనిషి స్తంభమెక్కి, రెండు మాటలు చెప్పి దిగిపోయాడని మీకెవరూ చెప్పి ఉండరు. ఇప్పుడు తెలిసింది కనక ఒక్కసారి ఆయన్ని తలుచుకోండి. వరస మీద వరస తప్పకుండా చుట్టి, నడుమ ముడేసి, హెడ్‌ఫోన్లు తీసిన వేళ మోగి కోడల్ని కంగారుపెట్టకుండా గంటలో గుడ్డముక్క కుక్కి, దిండు పక్కన పెట్టిన ఆ తాడు చుట్టని కూడా.