డెక్కలున్న పీత

పెదబయలు గెస్ట్‌హౌసు వరండాలో సీసాలు బారుగా పెట్టుకుని నూకరత్నం తల పట్టుకుంది. విశాఖపట్నంలో పీతల మీద పరిశోధన చేస్తున్న మనిషి ఆమె. కొండ గెడ్డల్లో, ఆ చిన్న వాగుల్లో, ఎన్ని రకాల పీతలున్నాయో రాసుకుపోదామని వచ్చి నాలుగు రోజులైంది. అడిగిందే తడవుగా ఊరి ఆడవాళ్లు బుట్టలకొద్దీ తెచ్చిచ్చారు. తెచ్చిన ఏ ఒక్కదానికీ ముందరి పెద్ద డెక్కలు లేవు.

వాళ్లనీ అనడానికి లేదు. బిడ్డని వీపున కట్టుకుని గెడ్డలో దిగేవాళ్లు కరిచే పీతని బుట్టలో వేసుకోరు. కన్నంలోంచి లాగిన చేత్తోనే డెక్కలు విరిచేస్తారు. పట్నం ఆవిడకి కదా అని మరికాస్త శ్రద్ధగా విరిచి తెచ్చారు.

ఆ కుప్పలో ఒకదాని వీపు వంకాయ రంగులో మెరిసింది. తను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటిది లేదంది నూకరత్నం. కానీ అది ఆడది. డెక్కలున్న మగపీత దొరికితేగాని కొత్త జాతని చెప్పినా ఎవరూ ఒప్పుకోరట. మధ్యాహ్నం బస్సుకి ఆవిడ వెళ్లిపోవాలి.

సీసాలకి చీటీలు రాస్తున్నది సత్యకుమారి, కాఫీ తోటల వాచరు భార్య. ఎనిమిదో తరగతి పరీక్షలకి ముందే పెళ్లి చేసేశారు. మళ్లీ పెన్సిలు పట్టడం ఈ నాలుగు రోజులే. ఒళ్లో ఎనిమిది నెలల పిల్ల. అది తుమ్మితే చాలు ఆమెకి అన్నం సహించదు. అలాంటిది, "నేను తెస్తాను మేడమ్" అనేసింది.

వంకాయరంగు పీతని తెచ్చిన యర్రమ్మనే వెంటబెట్టుకుని, పిల్లనీ ఒక కుండనీ ఎత్తుకుని గెడ్డకి పరుగెత్తింది. యర్రమ్మ కన్నంలో చెయ్యి పెట్టింది, అదే రంగు పీతని లాగింది, లాగుతూనే డెక్కలు రెండూ టపటపా విరిచేసింది. తర్వాత తన చేతిని తానే వింతగా చూసుకుంది.

"నా సెయ్యి నా మాట ఇనదే గుంటా. ఆ పక్క కన్నంలో నువ్వే ఎట్టు."

సత్యకుమారి పిల్లని ఆమెకిచ్చి చెయ్యి దూర్చింది. చూపుడువేలిని పీత పట్టేసింది. నొప్పి భుజందాకా పాకింది. గట్టిగా లాగితే డెక్కని తనే వదిలేసి పారిపోతుందని నూకరత్నం చెప్పిన మాట గుర్తుంది. మెల్లమెల్లగా చెయ్యి బయటికి తీసి, పీతతో సహా నీళ్లకుండలో ముంచింది. వంకాయ రంగే! అది మాత్రం వదల్లేదు. సరిగ్గా అప్పుడే పిల్ల పాలకి ఏడుపు లంకించుకుంది.

"ఏటి సూత్తన్నావు, ఇరిసేయ్" అంది యర్రమ్మ. "సంటిది ఆగుద్దేటి?"

"దాన్ని నా ఒళ్లో ఎయ్యప్పా."

ఎడమచేత్తో పిల్లని పొదువుకుని పాలిస్తూ, కుడిచెయ్యి కుండలో ఉంచుకుని కూర్చుంది. అటొకరు ఇటొకరు వాటేసుకున్నారని యర్రమ్మ నవ్వింది. సత్యకుమారికీ కన్నీళ్లలోనే నవ్వొచ్చింది. పిల్ల కడుపు నిండి కళ్లు మూసింది. కాసేపటికి పీత వేలు వదిలింది. నీళ్లలోకి చూసింది: రెండు డెక్కలు, ఎనిమిది కాళ్లు.

వాళ్లు రోడ్డెక్కేసరికి బస్సు హారన్ కొడుతోంది. నూకరత్నం మెట్టు మీంచి దిగి, పట్టకారుతో పీతని వెల్లకిలా తిప్పింది. పొట్టకింది మడత సన్నగా ఉంది.

"మగదే" అంది. వెంటనే చీటీ చేతికిచ్చి రాయమంది. ఊరు, తేదీ రాశాక సత్యకుమారి ఆగింది. పట్టినవాళ్ల పేరు కూడా ఉండాలట. వాపెక్కిన వేలితో తన పేరు, పక్కనే యర్రమ్మ పేరు రాసింది.

యర్రమ్మ సీసాలోకి తొంగిచూసి పెదవి విరిచింది.

"ఇది పిల్లది. గెడ్డ పైన దీనికి రెండింతలున్నాయి, తెల్ల డెక్కలయి."

నూకరత్నం కండక్టరుని పిలిచి పైనున్న తన పెట్టె దించమంది. రేపు పొద్దున్నే బయల్దేరదామా అని సత్యకుమారిని అడిగింది.

"రేపెందుకు మేడమ్? బేగి రండి, ఇంకా ఎండుంది" అంది సత్యకుమారి, పిల్లని రెండో చంకకి మార్చుకుంటూ.