చూసిందేగా

నీళ్ళ సీసాలు నింపి మూతలు బిగిస్తుంటే గదిలోంచి భర్త కేక వేశాడు. "నీకు టికెట్టు తీయట్లేదు. నువ్వు చూసిందేగా, దండగ!"

ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో మూత, పళ్ళ మధ్య రబ్బరుబ్యాండు ఉన్న మనిషి ఏమని జవాబు చెబుతుంది? ఆడపడుచు, ఆమె భర్త, పిల్లలు సెలవులకు దిగారు. ఈ ఊళ్ళో చుట్టాలు దిగితే చూపించడానికి ఉన్నది ఒక్క మ్యూజియమే. వారంలో ఆమెకు దొరికే ఒక్క ఆదివారమూ అలా ఖర్చయిపోతుంది. మిగిలిన రోజుల్లో ఆఫీసు. అక్కడా అందరూ మీటింగుకి లేస్తే "మీరు ఫోను దగ్గర ఉండండి మేడమ్, మీకు తెలిసిన విషయాలేగా" అంటాడు మేనేజరు. ఆమెకు తెలిసిన విషయాలు ఎన్నో, ఆమెకే తెలియదు.

పెళ్ళయిన కొత్తలో తొలిసారి మ్యూజియానికి వెళ్ళింది. గేటు పక్క పెద్ద బోర్డు మీద ఒక రాతి స్త్రీ బొమ్మ. కాలు మీద కాలు వేసుకుని, చెంప చేతికి ఆనించి, ఊరికే కూర్చుని ఉంది. దేవత కాదట, రాణీ కాదట. ఎవరికోసమూ ఎదురు చూస్తున్నట్టు కూడా లేదు. ఆ ముఖాన్ని దగ్గరగా చూడాలని ఆరోజే ఆమెకు గట్టిగా అనిపించింది. పెద్ద గదిలోకి అడుగుపెట్టేలోపే చిన్నత్తగారికి కళ్ళు తిరిగాయి. కొత్త కోడలు తోడుగా అరుగు మీద కూర్చుంది. తర్వాత ఒకసారి చంకలో చంటివాడు నిద్రపోయాడు. ఇంకోసారి గొడుగులు తడిశాయి, వాటికి కాపలా. కానీ ఇంట్లో వాళ్ళ లెక్కలో వచ్చినట్టయితే చూసినట్టే. "మా ఆవిడకి మ్యూజియం కొట్టినపిండి" అని భర్త చుట్టాలందరితో గొప్పగా చెబుతాడు. నిజమే, అరుగులో ఏ బండ కదులుతుందో, నీడ ఏ మూలకు జరుగుతుందో ఆమెకు కొట్టినపిండే.

ఈసారీ అంతే జరిగింది. సంచులు లోపలికి తేకూడదని గుమ్మం దగ్గర ఆపారు. పక్కనే సామాన్లు పెట్టే గది ఉంది. ఆడపడుచు అటు నడవబోతే భర్త నవ్వాడు.

"మనిషుండగా ఆ గదెందుకే? మీ వదిన కూర్చుంటుందిలే."

వదిన కూర్చుంది. ఒడిలో ఒక సంచి, కాళ్ళ దగ్గర నాలుగు. పొద్దున్నే లేచి పదిమందికి సరిపడా వండి డబ్బాలకెత్తిన నడుము అరుగుకి ఆనగానే జివ్వుమంది. కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

కాసేపటికి, అందరితో పాటు లోపలికి వెళ్ళిన అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ బయటికొచ్చింది.

"ఆ మెట్లు నావల్ల కాదే తల్లీ. పైన ఆ రాతి మనిషట, కిందనించే ఓ దణ్ణం పెట్టి వచ్చేశాను. నువ్వు చూశావుగా, నిజంగా అంత బావుంటుందా?"

ఎప్పటిలా "ఆఁ" అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్ళూ అలాగే అనేసింది. ఈసారి ఆ ముక్కకి కూడా నోరు రాలేదు.

"నేను చూళ్ళేదత్తయ్యా."

"అదేంటే, ఇన్నిసార్లొచ్చావు!"

"వచ్చాను."

అత్తగారు ఆమె వంక, సంచుల వంక, మళ్ళీ ఆమె వంక చూసింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"చెప్పొచ్చుగా మరి" అంది, కాస్త విసుగ్గానే.

"మీరెవరూ అడగలేదుగా."

ఆమె లేచింది. ఒడిలో సంచి అత్తగారి పక్కన పెట్టింది. "వాడొచ్చి అడిగితే నన్నేం చెప్పమంటావే?" అని వెనక నుంచి వినిపించింది కానీ అప్పటికే ఆమె టికెట్ల కిటికీ దగ్గర ఉంది. తన టికెట్టు తనే కొనుక్కుంది. మెట్లు ఆగి ఆగి ఎక్కింది. పక్క గదిలో మేనల్లుడి గోల వినిపించినా అటు తిరగలేదు.

రాతి స్త్రీ బోర్డు మీద కనిపించినంత లేదు. నడుమెత్తు దిమ్మె మీద మోకాలెత్తు బొమ్మ. ముక్కు కొన చెక్కుకుపోయింది, ఒక చెయ్యి మోచేతి దాకానే ఉంది. ఇంతేనా అనిపించింది ఆమెకు. ఇంతకోసమా ఇన్నేళ్ళు! ఎదురుగా బల్ల ఉంటే కూలబడింది. కూర్చున్నాక ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకి వచ్చాయి. అప్పుడు కనబడింది ఆ కనురెప్పల కింది బరువు. ఆ మనిషి కూడా అలిసిపోయే ఉంది. అలిసిపోయింది కాబట్టి కూర్చుంది, ఎవర్నీ అడగలేదు. అంతే సంగతి. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. చెప్పులు వదిలి పాదాలు చల్లటి నేల మీద ఆనించింది.

ఫోను మోగింది. భర్త.

"ఎక్కడికి పోయావ్? మేం బయటికొచ్చేశాం. నీళ్ళు ఏ సంచిలో ఉన్నాయో తెలీట్లేదు."

"వెతకండి, ఉంటాయి."

"నువ్వెక్కడున్నావసలు?"

"మ్యూజియం చూస్తున్నాను."

"మళ్ళీనా!" అతని గొంతులో నిజమైన ఆశ్చర్యం. "మేం టీకి వెళ్ళాలి. అమ్మ నడుం వాల్చింది. సంచుల దగ్గర మనిషుండొద్దూ?"

ఆమె రాతి స్త్రీ ముఖం మీదినుంచి చూపు తిప్పలేదు.

"మీరున్నారుగా" అంది.