సగమే గడ్డకట్టిన గాజు

నా నోరు మంచిది కాదన్న సంగతి మా అమ్మ ఎస్తేరు మొదలుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా అందరూ ఒప్పుకున్నదే. రాయ్‌పూర్ పక్కన సిల్తారాలో సీసాలు చేసే ఒక గాజు ఫ్యాక్టరీలో నేను షిఫ్టు ఇంజనీరుని. గాజు కరిగించే ఫర్నేస్ దగ్గర మెత్తగా మాట్లాడితే ఎవరికీ వినపడదు. నా కేకల్ని లెక్కచెయ్యని మనిషి ఫర్నేస్ మేస్త్రీ బంగారయ్య బాబాయ్ ఒక్కడే. "రైల్వే కాలనీలో రెండు జడలేసుకుని తిరిగిన గుంటవి, నామీద అరుస్తావేటమ్మా" అని నవ్వేసేవాడు. వాళ్ళది శ్రీకాకుళం, మాది కాకినాడ. రాయ్‌పూర్‌లో మాత్రం ఇరుగుపొరుగు. మా ఇంట్లో క్రిస్మస్ కేకు మొదటి ముక్క వాళ్ళింటికే వెళ్ళేది.

ఫర్నేస్ అడుగున పిడికిలంత కన్నం ఒకటి ఉంటుంది. కరిగిన గాజులో ఉన్న ఇనుపముక్కా, రాయీ రప్పా అడుక్కి దిగుతాయి. అవి సీసాల్లోకి పోకుండా అప్పుడప్పుడూ ఆ కన్నం తెరిచి కొంత గాజు వదిలేస్తాం. తెరవడం ఎంతసేపు! కింద మంట పెడితే కన్నంలో గడ్డకట్టిన గాజు కరిగి ధార మొదలవుతుంది. ఆపడంలోనే ఉంది తంటా అంతా. దానికి బిరడా పెట్టలేం, ఏది పెట్టినా కరిగిపోతుంది. లోపలి అంచంతా సన్నటి బెజ్జాలున్న రాగి రింగుని కన్నం కిందికి ఎత్తి నీళ్ళు వదులుతాం. నీళ్ళు చుట్టూ సమంగా తగిలితే గాజు గడ్డకట్టి తన దారి తనే మూసుకుంటుంది. మూసుకోకపోతే ఫర్నేస్‌లో ఉన్నదంతా కిందికి వచ్చేస్తుంది.

మేం నిలబడే చోటుకి కింద సొరంగం ఉంది. ధార అక్కడి నీళ్ళతొట్టిలో పడి పెంకులవుతుంది. ఆ పెంకుల్ని ఒక గొలుసు బయటికి లాక్కుపోతుంది. సొరంగానికి నిచ్చెన ఒకవైపే. రెండోవైపు గొలుసు తిప్పే మోటారు, ఆ వెనక గోడ. మోటారు దగ్గరికి వెళ్ళాలంటే ధార పడే చోటు దాటే వెళ్ళాలి. అందుకే గాజు ఆగిందని పైనుంచి మాట వచ్చేదాకా ఎవరూ దిగకూడదు. ఆ మాట చెప్పే పెద్ద బంగారయ్య బాబాయ్.

అది విశ్వకర్మ పూజ మర్నాడు. పూజనాడు పనిముట్లన్నీ కడిగి, వరసగా పెట్టి, బొట్లు పెట్టి దండలు వేస్తారు. నేను ప్రసాదం తిన్నాను, దండలు చూశాను, ఇంటికెళ్ళాను. పొద్దున్న కన్నం తెరిచేముందు, "రింగు చూశావా బాబాయ్?" అని అడిగితే, "నిన్ననే చింతపండెట్టి తళతళలాడేటట్టు తోమీసినానమ్మా" అన్నాడు. తోమింది నిజమే.

ధార బాగానే దిగింది. కావలసినంత గాజు వదిలాక కింద గొలుసు పట్టేసి ఆగిపోయింది. పెంకులు కుప్ప పడుతున్నాయి.

"మూసెయ్ బాబాయ్!" అని అరిచాను.

బాబాయ్ రింగు ఎత్తాడు. పంపు దగ్గరున్న ఉమేష్ నీళ్ళు వదిలాడు. ధార సన్నబడింది, దారమయింది, తెగింది. బాబాయ్ నిచ్చెన వైపు తిరిగి, "బంద్ హో గయా! ఆగిపోయింది, వెళ్ళరా!" అని కేకేశాడు.

వెళ్ళింది ఆయన కొడుకే. మోహనకృష్ణ మా ఫిట్టరు. నన్ను అక్కా అంటాడు. తండ్రి మాట పూర్తయ్యేలోపే సుత్తి పట్టుకుని తొట్టి దాటి మోటారు వైపు వెళ్ళిపోయాడు. కాసేపటికి గొలుసు మీద సుత్తి దెబ్బలు వినిపించాయి.

నేను కన్నం వైపే చూస్తున్నాను. నలుపుకి తిరగాల్సిన గాజు ఒక పక్క నల్లబడింది. రెండో పక్క ఎర్రగానే ఉంది. చూస్తుండగానే ఆ ఎరుపు నారింజ రంగుకి తిరిగి, బొట్టు జారింది. దాని వెనకే దారం. ఆ దారం వేలంత లావయింది.

"మోహన్! వెనక్కి రా!" అని అరిచాను. సుత్తి చప్పుడులో వాడికేం వినపడుతుంది? ధార లావెక్కింది. సొరంగంలోంచి ఆవిరి లేచింది. ఇక వాడు రావాలన్నా దారి లేదు.

వంగి రింగు చూశాను. నీళ్ళు సగం రింగు నుంచే వస్తున్నాయి. మిగతా సగం బెజ్జాల మీద ఎర్రగా, దళసరిగా ఏదో మాడి అంటుకుని ఉంది.

"ఏంటిది బాబాయ్?"

"సింధూరమమ్మా... నేతిలో కలిపి నేనే రాసినాను. ఇదే కదా అందర్నీ కాసీది, దీనికి మాత్రం ఉత్త బొట్టేటని..."

"నీళ్ళు వదిలి చూడలేదా?"

"పూజ చేసిన మర్నాడే కడిగీడం ఎలాగని..."

తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. నోరు తెరిచేలోపే కింద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"నాన్నా!" అని మోహన్ గొంతు. "నీళ్ళు మరిగిపోతన్నాయి నాన్నా!"

బాబాయ్ రింగు పిడి మీద చెయ్యేసి కిందికి లాగబోయాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"దించీ, గోకీసి, మళ్ళీ ఎత్తీస్తాను. ఒదులమ్మా!"

"దించితే ఆగిన సగం కూడా కరిగిపోతుంది. మొత్తం ధార వాడి మీదికే!"

"దించకపోతే మాత్రం ఆగతాదేటి?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. దించితే వాడు ముందే పోతాడు, దించకపోతే కాసేపాగి పోతాడు. నాకు కోపం వచ్చింది. నెయ్యి మీద, సింధూరం మీద, అంతా మాకు తెలుసన్నట్టు ధీమాగా తిరిగే మా అందరి మీదా. ఆ కోపంలోనే తోచింది.

"తిప్పుదాం," అన్నాను. "దించొద్దు. ఉన్నచోటే సగం చుట్టు తిప్పుదాం. నీళ్ళొచ్చే సగం ఎర్రటి పక్కకి రావాలి."

"పైపు మెలిపడిపోద్ది. తెగితే చుక్క నీరుండదు."

"ఉమేష్! పైప్ కంధే పే ఉఠా లే! ఢీలా ఛోడ్!"

ఉమేష్ పైపుని వదులుగా భుజానికెత్తుకుని మెలికతోపాటు తనూ తిరగడానికి సిద్ధంగా నిలబడ్డాడు. బాబాయ్ ఒక కొక్కెం, నేనొకటి పట్టుకుని సెగ తగలకుండా కట్టిన రేకు అడ్డు దాటి లోపలికి వంగాం. వేడికి కనురెప్పలు అంటుకుపోయినట్టయింది. బాబాయ్ కొక్కెం రెండుసార్లు జారింది. "నా వల్ల కాదమ్మా," అన్నాడు. "కాకపోతే ఎవడి వల్ల అవుతుంది? లాగు!" అని నా నోటికొచ్చినట్టు అరిచాను.

రింగు కిర్రుమని కదిలింది. పావు చుట్టు తిరిగి బిగుసుకుంది. పైపు మెలిపడి నీళ్ళు సన్నబడ్డాయి. ఉమేష్ మోకాళ్ళ మీద కూలబడి పైపుని వెనక్కి తోశాడు. మేమిద్దరం ఒక్కసారి లాగాం. తిరిగింది.

నీళ్ళు ఎర్రటి పక్కకి తగిలి బుస్సుమన్నాయి. ఆవిరిలో ఏమీ కనపడలేదు. ప్రభువా అనుకున్నాను, పక్కన బాబాయ్ ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో తెలియదు. ఆవిరి విడేసరికి ధార వేలంత ఉంది. తరవాత పుల్లంత. తరవాత తెగి, ఒక్క బొట్టు వేలాడింది. అది రాలలేదు. అక్కడే నల్లబడింది.

"ఆగింది," అన్నాడు బాబాయ్. "ఇంకా ఆగలేదు," అన్నాను. రెండు పక్కలా బొగ్గులా మారేదాకా కన్ను తిప్పలేదు. కింద తొట్టిలోకి చన్నీళ్ళు వదిలించాను. ఆవిరి తగ్గాక, "ఇప్పుడు రా మోహన్!" అని పిలిచాను.

వాడు నిచ్చెనెక్కి వచ్చాడు. మొహం ఉడికిన టమాటాలా ఉంది. మోచెయ్యి బొబ్బలెక్కింది. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఏడుపొచ్చి, కనపడనివ్వకుండా వాణ్ణి రెండు తిట్లు తిట్టి, మంచినీళ్ళ సీసా చేతికిచ్చాను.

తాగి, మూతి తుడుచుకుని, తండ్రి భయపడ్డాడనుకున్నాడేమో, ఆయన దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేశాడు.

"నాకేం బెంగనిపించలేదు నాన్నా. పైన నువ్వున్నావు కదా, ఎలాగైనా ఆపీస్తావని గోడకానుకుని కూకున్నాను."

అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని బంగారయ్య బాబాయ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. కొడుకు కాళ్ళు రెండూ చుట్టేసి పట్టుకున్నాడు.

"నేనున్నందుకేరా నీకా గతి పట్టింది," అన్నాడు.

మోహన్‌కి అర్థం కాలేదు. తండ్రిని లేవదీయబోతూ, ఏమైందక్కా అన్నట్టు నావైపు చూశాడు. ఎవరికైనా ఏదైనా మొహం మీదే చెప్పేసే దాన్ని, వాడి మొహంలోకి చూడలేకపోయాను.