తప్పించుకున్న మేక

కర్నూలు రాజధాని అయిన మరుసటి వానాకాలం మా ఊరి చెరువు తెగింది. తూము చెడిందని, మడులకు నీళ్లు వదిలే నీరుగంటి కాటమరాజు రెండేళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. నోటితో చెప్పాడే గాని కాగితం మీద లేదు. ఇంకేముంది, నేరమంతా అతని నెత్తిన రుద్దారు.

చెరువు పనులు చూసే సర్కారు ఓవర్సీరు పంపిన ఇంగ్లీషు కాగితం పట్టుకుని, నేను పాఠాలు చెప్పే మిషన్ బడికి వచ్చాడు కాటమరాజు. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టే చాకిరీ ముప్ఫై ఏళ్లుగా నాదే. విసుగొచ్చేసింది, నిజం చెబుతున్నా. ఆ కాగితం ప్రకారం, తప్పు తనదేనని వేలిముద్ర వేసి ఊరు విడిచిపోతే కేసు ఉండదట, లేకపోతే జైలట. అతన్ని ‘స్కేప్‌గోట్’ చేయడం తమ ఉద్దేశం కాదని కూడా చివర రాశారు మహానుభావులు.

ఆ మాటేందని అడిగాడు. చెప్పాను. మా బైబిల్లో రెండు మేకలుంటాయి. ఒకటి బలి. రెండోదాని తలమీద చేతులుంచి, జనం పాపాలన్నీ మోపి, అడవిలోకి వదిలేస్తారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లీషాయన దాన్ని తర్జుమా చేస్తూ, తప్పించుకోవడం అనే మాటకు మేకను అతికించి ఈ కొత్త మాట కట్టాడు. ఆ మేక చావలేదు కదా, నువ్వూ అట్లనే వేలిముద్ర వేసి బయటపడు అన్నాను.



“ఆ ఇంగ్లీషాయన మేకలు కాచినోడు కాదయ్యవారూ,” అన్నాడు కాటమరాజు. “ఒంటి మేక అడవిలోకి పోదు. అరుసుకుంటా మంద కాడికే వస్తది. రాళ్లేసి తరమాల. తరిమినాక రెండు దినాలు బతకదు. ఆ రాళ్లేసినోడు ఎవరో రాసినారా మీ పుస్తకంలో? తప్పు చేయనోణ్ణి, నేను యాడికి పోవాల?”

రాశారు. మేకను తోలుకుపోవడానికి ఒక మనిషిని ఏర్పాటు చేస్తారు. అతనికి పేరు లేదు. పని అయ్యాక బట్టలు ఉతుక్కుని, స్నానం చేసి మళ్లీ జనంలోకి రావచ్చునని ఉంది. ఎన్ని ఆదివారాలు చదివానో, ఆ మనిషి నా కంటికి ఆననే లేదు. సిగ్గేసింది. అయినా ఆ దొరలతో తగాదా పడే ఓపిక నాకెక్కడిది? మా బడి నడిచేది సర్కారు గ్రాంటుతోనే, నా ఉద్యోగం కూడా వాళ్ల దయే.

అట్లాంటి మనిషెవరూ మా పుస్తకంలో లేడని అతనితో చెప్పాను.

అతని బొటనవేలు నేనే పట్టుకుని సిరాలో అద్దాను. ముద్ర పడ్డాక దాని కింద, సాక్షి అని ఉన్నచోట, కరుణాకరం అని నా పేరు రాశాను.