బుట్టలోది

సుభాషిణి మామిడికాయ ముక్కల మీద నడుస్తోంది. కాళ్ల కింద అవి టెంకలతో సహా జారుతున్నాయి, పడితే కారం కళ్లల్లో పడుతుందేమోనని గోడ పట్టుకుంటోంది, గోడ చూస్తే నున్నగా, చల్లగా, గుండ్రంగా, కింద తెలుపూ పైన కాఫీరంగూ, ఎక్కడా కిటికీ లేదు, తలుపు అసలే లేదు. ఇది మా వంటిల్లే కదా అనుకుంటోంది, ఎందుకంటే గ్యాసు పొయ్యి ఉంది, మూత సరిగ్గా పట్టని కుక్కరుంది, వెల్లుల్లి వేసే తీగబుట్ట గాల్లో వేలాడుతోంది, దేనికి వేలాడుతోందో మాత్రం కనబడదు. వంటిల్లు ఎప్పుడు గుండ్రంగా అయిందో గుర్తు రావడం లేదు. తలెత్తితే, చాలా ఎత్తున, కప్పు ఉండాల్సిన చోట పాత పంచెగుడ్డ బిగించి కట్టి ఉంది, అందులోంచి సందెవెలుగు సన్నగా దిగుతోంది. అప్పుడు తెలుస్తుంది ఆ పిల్లకి, తనున్నది ఊరగాయ జాడీలో అనీ, పైన జాడీ మూతికి వాసెన కట్టేశారనీ.

"వచ్చావా? కాళ్లు తుడుచుకుని నడువు. తడి తగిలితే ముక్క చెడుతుంది."

అత్తగారు రాఘవమ్మ. పోయి పదకొండు నెలలైంది. ముక్కాలిపీట మీద కూర్చుని చేటలో ఆవాలు చెరుగుతోంది. చచ్చిపోయినావిడ ఇక్కడేం చేస్తోందన్న అనుమానం సుభాషిణికి రావడం లేదు, కలలో ఎవరికొచ్చింది గనక! అత్తగారి ముందు నైటీలో నిలబడ్డానే అన్న సిగ్గు మాత్రం నిలువునా వస్తోంది.

"అత్తయ్యా, నేను పైకెళ్లాలి. కాయలు కొట్టించి ముక్కలు ఫ్యాను కింద ఆరబోశాను. ఇవాళే కలపాలి, లేకపోతే పాడైపోతాయి. ఆ వాసెన విప్పండి."

"ఎవరు కట్టారో వాళ్లే విప్పాలి."

"ఎవరు కట్టారు?"

"బాగుంది సంబడం! నన్నడుగుతావేం? పోయినేడు కట్టింది నువ్వు కాదూ?"

నిజమే. కట్టింది తనే. పోయినేడు కాయల కాలానికి రాఘవమ్మ గుంటూరు ఆసుపత్రిలో ఉంది, కిడ్నీలు రెండూ పనిచేయడం లేదన్నారు. ఆ ఇంట్లో ఆరేళ్ల కాపురంలో సుభాషిణి ఎన్నడూ ఊరగాయ పెట్టలేదు. చీరాల బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు ఉద్యోగం, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ, ఇంటికొచ్చేసరికి కంచం మీద మూతేసి అన్నం సిద్ధంగా ఉండేది. అత్తగారు వచ్చేసరికి ఆవకాయ పెట్టి చూపిస్తే సంతోషిస్తుందని, ఆవిడ చేత్తో రాసుకున్న వంటల పుస్తకం తీసింది. నూనె మరకల రూళ్ల పుస్తకం అది, ఆ ఇంటి వంటంతా అందులోనే ఉంది. 'ఆవపిండి సోలెడు, కారం సోలెడు, బుట్టలోది సోలెడు తలకొట్టి' అని రాసుంది. బుట్టలోది అంటే ఏమిటి? వంటింట్లో ఉన్న బుట్ట ఒక్కటే, అందులో ఉన్నవి వెల్లుల్లిపాయలే. పాపం, కూర్చుని సోలెడు వెల్లుల్లి వలిచింది, గోళ్లు మండిపోయాయి. ఉప్పు సంగతి పుస్తకంలో లేదే అనుకుంది, ఉప్పు ఎవరు రాస్తార్లే, తగినంత వేసుకోవడమే కదా అని పప్పులో వేసినట్టు నాలుగు చెంచాలు వేసింది. అమ్మలారా, ఆవకాయలో నాలుగు చెంచాల ఉప్పు! మూడో వారానికి జాడీ నిండా బూజు. ఆ తర్వాత పదోరోజున ఆసుపత్రి నుంచి అత్తగారు పోయిందని కబురు.

పెద్దకర్మనాడు ఆడపడుచు ఆదిలక్ష్మి అందరిలోనూ అననే అంది. "ఆవకాయ బూజు పట్టిందన్నప్పుడే నా గుండె జారింది. ఊరగాయ చెడితే ఇంటికి కీడు. కొందరి చెయ్యి అంతే." ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఈ ఏడు వారం క్రితమే ఫోన్ చేసింది, "నువ్వు చెయ్యి పెట్టకు సుభాషిణీ, నేను చేసి పంపిస్తా" అని. ఆ మాట పడలేకే ఇవాళ ఆదివారం చూసి పాతిక కాయలు కొట్టించింది. కొట్టించాక మళ్లీ భయమేసింది. ముక్కల్లోకి చెయ్యి పెట్టలేక, ఒక్క కునుకు తీసి లేస్తాననుకుని పడుకుంది.

ఇదిగో, ఇక్కడ తేలింది.

జాడీ గోడల మీద తెల్లగా నూగులా ఏదో లేస్తోంది. బూజు. చూస్తూండగానే కుక్కరును కప్పేసింది, పొయ్యిని కప్పేసింది, ఇప్పుడు పాదాల దగ్గరికి వస్తోంది. సుభాషిణి గోడ ఎక్కబోతుంది, నున్నటి గోడ, చేతులు జారిపోతాయి, అరుస్తుంది, అరుపు గుండ్రంగా తిరిగి తన దగ్గరికే వస్తుంది.

"అత్తయ్యా, నేనే చంపానా మిమ్మల్ని?" అని అడిగేస్తుంది. పదకొండు నెలల నుంచి గొంతులో అడ్డం పడి ఉన్న మాట, అంత తేలిగ్గా బయటికొస్తుందని తనకే తెలీదు.

రాఘవమ్మ చేట పక్కన పెడుతుంది. "ఓసి పిచ్చిమొహమా, నా కిడ్నీలు నీ జాడీనడిగి పాడయ్యాయా? ఆ ఆది నోటికి తాళం లేదు, చిన్నప్పట్నుంచీ అంతే. దాని మాట పట్టుకుని ఏడాదంతా కుమిలావా?"

"మరి బూజెందుకు పట్టింది? పుస్తకంలో ఉన్నట్టే చేశాను కదా."

"ఏదీ, చదువు."

పుస్తకం తన చేతిలోనే ఉంది, ఎప్పుడొచ్చిందో. పేజీలు వాటంతట అవే తిరుగుతున్నాయి, సిరా అక్షరాలు కొంచెం కొంచెం జరుగుతున్నాయి. సుభాషిణి గట్టిగా చదువుతుంది, "పులిహోర, బుట్టలోది తగుపాటి. మినపరొట్టె, బుట్టలోది చారెడుకి తక్కువ. మజ్జిగ, బుట్టలోది చిటికెడు." అక్కడ ఆగిపోతుంది. మజ్జిగలో వెల్లుల్లి ఎవరేస్తారు?

"అత్తయ్యా, బుట్టలోది అంటే వెల్లుల్లి కాదా?"

"వెల్లుల్లా!" రాఘవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, నవ్వి నవ్వి దగ్గుతుంది. "సోలెడు వెల్లుల్లి వేశావుటే? ఇంకా నయం, వీధి వీధంతా ఖాళీ కాలేదు!"

"మరేంటది? చెప్పండి."

"ఎట్లా చెప్పనే? దీపాలు పెట్టే వేళ. ఈ వేళప్పుడు ఆ మాట అనకూడదు. పగలంతా వండటంతోనే సరిపోయేది, దీపం పెట్టాకే కదా పుస్తకం రాసుకునేదాన్ని. ఒక్కచోట కూడా దాని పేరు రాయలేదు."

"అయితే పొద్దున చెప్పండి."

"ఇక్కడ పొద్దు పొడవదమ్మాయ్. ఎప్పుడూ ఇదే వేళ."

సుభాషిణి పైకి చూస్తుంది. వాసెనలోంచి అదే వెలుగు, ఇందాకటి నుంచీ పెరగనూ లేదు, తరగనూ లేదు. బూజు మోకాళ్ల దాకా వచ్చింది. "పోనీ చూపించండి, చేతిలో పెట్టండి," అని అరచెయ్యి చాపుతుంది. అత్తగారు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. "చేతికివ్వకూడదే, తగువులొస్తాయి. కింద పెడతా, తీసుకో." ఒంగి చిటికెడు ఏదో కింద పెడుతుంది. సుభాషిణి వంగేలోపు బూజు దాన్ని మూసేస్తుంది. రెండు చేతులా వెతుకుతుంది, ఎంత తీసినా మెత్తటి తెలుపే, కింద ఏమీ తగలదు. ఏడుపొచ్చేస్తుంది.

"ఏడవకే, ఊరగాయలో తడి పడకూడదు. సరే గానీ, సెలవు దొరికినప్పుడల్లా ఆసుపత్రికి వచ్చేదానివి కదా, మంచం పక్కన గంటలు గంటలు కూర్చునేదానివి. ఒక్క మాట అడగలేదేమే? చెప్పేదాన్నిగా."

సుభాషిణికి ఆ మంచం గుర్తొస్తుంది. సంచిలో పుస్తకం పెట్టుకునే వెళ్లింది. రెండుసార్లు బయటికి తీసింది, రెండుసార్లూ లోపల పెట్టేసింది.

"అడిగితే..." అంటుంది, "అడిగితే మీరింక ఇంటికి రారని ఒప్పుకున్నట్టే కదా అత్తయ్యా. మీరే వచ్చి పెడతారనుకోవాలి గానీ, మీ దగ్గర నేర్చేసుకుంటే ఎలా?"

రాఘవమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంటుంది. చేటలో ఆవాలు వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటుంది. మొహం సరిగ్గా కనబడటం లేదు, చెవుల దుద్దులు మాత్రం కనబడుతున్నాయి.

"నాకూ తెలుసులేవే," అంటుంది చివరికి. "నువ్వు సంచిలోంచి తీయడమూ చూశాను, పెట్టడమూ చూశాను. నేనైనా చెప్పాల్సింది. నాకూ ఒప్పుకోబుద్ధి కాలేదు."

బూజు నడుం దాటింది. ఇద్దరూ అందులో మునుగుతున్నారు. ఆవిడ పీట కదలదు, ఈవిడ కాళ్లు కదలవు.

"విను," అంటుంది అత్తగారు హడావుడిగా. "నేను అనకూడదు, నువ్వు బతికున్నదానివి, నువ్వను. చిన్నప్పుడు వినే ఉంటావు. అన్నీ వేసి చూడు, నన్నేసి చూడు అందట..."

అని ఆగిపోయి, కళ్లు పెద్దవి చేసి కోడలి నోటికేసి చూస్తోంది. సుభాషిణికి ఆ సామెత తెలుసు. నాలిక చివరే ఉంది. బూజు గొంతు దాకా వచ్చింది, నోట్లోకి మెత్తగా దూరుతోంది. అందట. ఎవరు అందట? అన్నీ వేసి చూడు, నన్నేసి చూడు అందట, అందట...

"ఉప్పు!"

తన అరుపుకి తనే లేచింది.

హాల్లో చాప మీద ఉంది. ఒళ్లంతా చెమట. ఫ్యాను తిరుగుతోంది, పక్కన దుప్పటి మీద మామిడి ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కిటికీ అవతల సందె పడుతోంది. దేవుడి దగ్గర దీపం పెట్టి ఉంది, అంటే మొగుడు కోటేశ్వరరావు నిద్ర లేచాడన్నమాట. వంటింట్లో గ్లాసుల చప్పుడు.

లేచి వెళ్లింది. అతను మజ్జిగ చిలుకుతున్నాడు. గట్టు మీద ఆవపిండి, కారం, నూనె అన్నీ పొద్దున తను సర్దినట్టే ఉన్నాయి. ఒక్కటే లేదు.

"ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు.

చెప్పబోయి దీపం వైపు చూసింది. ఎందుకో ఆ మాట నోటికి రాలేదు.

"బుట్టలోది," అంది.

అతను తలైనా తిప్పలేదు. మజ్జిగలో వేసుకోవడానికి తన దగ్గర పెట్టుకున్న ఉప్పు సీసా తీశాడు. ఆమె చాపిన చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి, ఇటు జరిపాడు.

సుభాషిణి సీసా అందుకుంది. "మీకు తెలుసా?"

"ఏంటి?"

"బుట్టలోది అంటే ఇదేనని."

"అదేం ప్రశ్న? దీపాలు పెట్టాక అమ్మ ఎప్పుడూ అలాగే అనేదిగా. నువ్వు ఆ వేళకి డ్యూటీలో ఉండేదానివి, వినుండవు." మజ్జిగ గ్లాసులో పోసుకుంటూ అన్నాడు, "అయినా నువ్వెప్పుడూ అడగలేదుగా."

ఆమె కళ్లు తుడుచుకుంది. తువ్వాలు తీసి రెండు చేతులూ పొడిగా, ఒకటికి రెండుసార్లు ఒత్తుకుంది. అత్తగారి సోల నిండా ఉప్పు పోసి, అంచుకి సమంగా తలకొట్టి, ముక్కల్లోకి చెయ్యి పెట్టింది.