సీసాలో జెల్ల

పొద్దుటి నుంచీ వలలో పడ్డవన్నీ జిలేబీ చేపలే. చెరువుల్లో పెంచడానికి ఎవరో తెస్తే, గట్లు తెగి నదిలో చేరి, ఇల్లరికపుటల్లుళ్లలా తిష్ఠ వేశాయి. ఒకప్పుడు ఈ మలుపులో ఎన్ని రకాలుండేవో! చేపల సర్వే చేసే ఆవిడకు చివరి వలలో మాత్రం వేలెడంత జెల్ల దొరికింది. వడినీళ్లలో రాళ్లకు అంటుకుని బతికే రకం. ఈ నదిలో ఇక లేదని అందరూ చేతులు దులుపుకున్న చేప అది.

వారం తిరిగేసరికి ఇసుక తవ్వే యంత్రాలు ఈ మలుపులోకే దిగుతాయి. జెల్ల ఉందని రుజువైతేనే ఆగుతాయి. ఫొటో పంపితే ఆఫీసువాళ్లు, రెక్కల ముళ్లు లెక్కపెట్టందే ఏ రకమో తేల్చలేమంటారు. చేపనే చంపి, కుళ్లకుండా మందునీళ్ల సీసాలో పెట్టి పంపాలి.

"తోక ముక్క కత్తిరించి పంపి, దీన్ని వదిలేయరాదా అక్కా?" అన్నాడు పడవ నడిపే తమ్ముడు.

"ఆ ముక్కని పోల్చి చూడ్డానికి వాళ్ల దగ్గర ఇంకో చేపేదిరా?"

"అయితే కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"నోరు మూసుకుని బకెట్ పట్టు."

వదిలేస్తే యంత్రాలు దీన్నీ, దీని రాళ్లనీ కలిపి ఊడ్చేస్తాయి. చంపితే రాళ్లైనా మిగులుతాయి. నొప్పి తెలియకుండా ఆమె నీళ్లలో లవంగనూనె చుక్కలు వేసింది. జెల్ల మీసాలు మెల్లగా వాలాయి. అంతలో దాని కడుపు కింది నుంచి పసుపుపచ్చని గుడ్లు జారి బకెట్ అడుగున చేరాయి.

"అక్కా, గుడ్లు!"

రకం తేల్చుకునే ఆత్రంలో రెక్కలే చూసింది గానీ పొట్ట చూడనేలేదు. అప్పటికే జెల్ల కదలడం మానేసింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

సీసా చేరిన రోజే ఆఫీసు పెద్దాయన ఫోన్ చేశాడు.

"శెభాషమ్మా! తవ్వకం ఆపించాం. ఈ నెల వరకే సుమా. ఒక్క ఆడచేపని చూసి అక్కడ వాటి సంతతి ఉందని ఎలా రాయను? మగది కూడా ఒకటి పంపు, శాశ్వతంగా ఆపిస్తా."

"ఇంకోటి ఉందో లేదోనండీ..."

"లేకపోతే ఇక కాపాడేదేముందమ్మా?"

ఆ సాయంత్రం మళ్లీ అదే మలుపులో వల వేశారు. తమ్ముడు పైకి లాగడానికి తాడు అందుకున్నాడు. ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుని ఆపింది. జెల్ల పడుతుందేమోనని ఆమెకు భయం. పడదేమోనని అంతకన్నా భయం.